గ్రాఫిక్స్ కార్డు పూర్వకథ

నేడు పెక్కు గృహములలో ఒక చర్చ నడచుచున్నది. పదునాలుగు, పదునైదేండ్ల కుమారుడో కుమార్తెయో తన ఆటల కంప్యూటరునకు క్రొత్త గ్రాఫిక్స్ కార్డు కావలెనని అడుగును. అంగడిలో దాని వెల విచారించిన తండ్రికి, కంప్యూటరు మొత్తమునకు ఆనాడు తానిచ్చిన ధర జ్ఞప్తికి వచ్చును. ‘ఆడుకోవడానికి ఇంత డబ్బా?’ అని ఆయన. ‘మా స్నేహితులందరి దగ్గరా ఉంది నాన్నా’ అని బిడ్డ. తల్లి ఇరువురి నడుమ నిలిచి, పరీక్షలు ముగిసిన పిమ్మట చూతమని వాయిదా వేయును. ఇందెవరి మాటలోను అసలు వస్తువును గుఱించిన జ్ఞానము కానరాదు. తండ్రి ధరను మాత్రమే చూచుచున్నాడు. బిడ్డ పేరును మాత్రమే చూచుచున్నది.

ఒక వస్తువు ఎందులకు పుట్టినదో, ఏ అవసరమునకు ఎట్లు మాఱినదో తెలిసికొన్నచో, దానిని కొనవలెనా, మానవలెనా, కొన్నచో ఎట్టిది కొనవలెను అను ప్రశ్నలు సగము తీఱును. గ్రాఫిక్స్ కార్డు చరిత్ర నలుబదియేండ్లకు కొంచెము మించినది మాత్రమే. కాని కొనువారికి పనికివచ్చు పాఠములు అందు అనేకము కలవు.

ముందుగా దాని పని యేమో చూతము. కంప్యూటరులో లెక్కలు చేయు ప్రధాన భాగము ప్రాసెసరు. ఆ లెక్కల ఫలితము మనకు కనబడవలెనన్న తెరపైకి రావలెను. తెర యనునది చుక్కల ముగ్గు వంటిది. ఏ చుక్క ఏ రంగులో వెలుగవలెనో క్షణక్షణము తెరకు తెలుపుచుండు పలకయే గ్రాఫిక్స్ కార్డు. మొదట అది కేవలము చూపునది, పిదప గీయునది, నేడు తానే స్వయముగా కోట్లకొలది లెక్కలు చేయునది. ఈ మూడు దశలే దాని చరిత్ర.

1981వ సంవత్సరము ఆగస్టు మాసమున అమెరికాలోని ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినది. దానికి రెండు వేర్వేఱు కార్డులను విడిగా అమ్మజూపినది. ఒకటి అక్షరములకు మాత్రమే పనికివచ్చునది. పంక్తికి 80 అక్షరముల చొప్పున 25 పంక్తులు, ఒకే వన్నెలో, చదువుటకు కంటికి హాయిగా చూపెడిది. బొమ్మ గీయు శక్తి దానికి బొత్తిగా లేదు. రెండవది రంగుల కార్డు. అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కల తెరపై ఒకేసారి నాలుగు రంగులు చూపగలిగెడిది. కాని దానిపై అక్షరములు మొరటుగా నుండెడివి. కార్యాలయమున పద్దులు వ్రాయువారు మొదటి దానిని, ఆటలు కోరువారు రెండవ దానిని కొనవలసి వచ్చినది. అనగా ‘ఏది మంచి కార్డు?’ అను ప్రశ్నకు ఆనాడే సూటి సమాధానము లేదు. ‘దేనికి?’ అని తిరిగి అడుగవలసినదే. ఇది మొదటి పాఠము.

ఈ రెంటి నడుమ నున్న లోటును మఱుసటి యేడే, 1982లో, పూడ్చినవారు వాన్ సువన్నుకూల్ అను థాయిలాండు దేశీయులు. కాలిఫోర్నియాలోని హెర్క్యులిస్ సంస్థ స్థాపకులలో ఆయన యొకరు. తమ మాతృభాష యగు థాయి లిపిని కంప్యూటరు తెరపై చూడవలెనని ఆయన కోరిక. ఐబీఎం వారి అక్షరముల కార్డులో ముందుగా పోతపోసిన అక్షరములు తప్ప వేఱు రూపములు పలుకవు. కావున ఆయన అడ్డముగా 720, నిలువుగా 348 చుక్కలను విడివిడిగా వెలిగింపగల కార్డును రూపొందించిరి. లిపి కొఱకు పుట్టిన ఆ కార్డు, పద్దుల పటములను స్పష్టముగా చూపగలుగుట చేత కార్యాలయములలో విరివిగా చెల్లినది.

ఈ కథ మన తెలుగువారికి పరాయిది కాదు. వత్తులు, గుణింతములు గల మన లిపియు ఆ యంత్రముపై అట్లే పలుకకుండెను. కాన్పూరు ఐఐటీలో ఆరంభమై, పిమ్మట పూణేలోని సీడాక్ సంస్థలో పెంపొందిన జిస్ట్ కార్డును కంప్యూటరులో అమర్చుట చేతనే తెలుగు మొదలగు భారతీయ లిపులు ఆనాటి తెరలపై నిలువగలిగినవి. కావున కంప్యూటరులో అదనపు కార్డు అనగానే అది పిల్లల ఆటబొమ్మయే యని తలంచుట తగదు. మన అక్షరము తెరపైకి వచ్చినదియు ఒక కార్డు పుణ్యముననే.

ఇక ఆటల సంగతి. 1987లో ఐబీఎం వారు వీజీఏ అను క్రొత్త పద్ధతిని తెచ్చిరి. 320 × 200 చుక్కల తెరపై 256 రంగులు ఒకేసారి చూపుట అందు సాధ్యమైనది. ఆ తెరకే 1993 డిసెంబరులో డూమ్ అను ఆట వెలువడినది. ఆ తెరపై చుక్కలు 64,000. ఆ యాట సెకనుకు 35 చిత్రములకు మించి చూపదు. కావున సెకనుకు ఇంచుమించు 22 లక్షల చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఆ శ్రమ యంతయు ప్రాసెసరుదే. కార్డు దానిని తెరకు చేరవేయు బంటు మాత్రమే. 386 రకపు ప్రాసెసరుపై ఆ యాట తడబడుచు నడచెడిది. 486 ఉన్నచో సాఫీగా సాగెడిది. ఆనాటి బాలునికి ముఖ్యముగా కావలసినది కార్డు కాదు, ప్రాసెసరే.

నేటి సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తము 20,73,600. సెకనుకు 60 చిత్రములైనచో 12 కోట్ల 44 లక్షల చుక్కలు. డూమ్ నాటి కంటె ఇది 55 రెట్లు. పైగా ఒక్కొక్క చుక్క రంగును నిర్ణయించుటకు వెలుగు, నీడ, దూరము, అద్దపు మెఱపు మున్నగు లెక్కలు అనేకము చేయవలెను. ఈ భారము ఒక్క ప్రాసెసరు మోయజాలదు. సహాయకుడు అవసరమైనది అందువలననే.

ఆ సహాయకుడు ఆటలు కోరు ఇండ్లలో విరివిగా అడుగుపెట్టినది 1996లో. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థలో పనిచేసిన కొందఱు 1994లో త్రీడీఎఫ్ఎక్స్ అను సంస్థను నెలకొల్పి, వూడూ అను చిప్పులను నిర్మించిరి. అదే సమయమున మెమొరీ చిప్పుల ధర బాగుగా పడిపోవుటచే, 4 మెగాబైట్ల సొంత మెమొరీ గల ఆ కార్డు గృహస్థులకు అందుబాటులోనికి వచ్చినది. కాని అందొక వింత కలదు. వూడూ కార్డు లోతు గల బొమ్మలను మాత్రమే గీసెడిది. మామూలు తెరపని దానికి తెలియదు. ఇంట నున్న పాత కార్డును తీసివేయక, రెంటిని ఒక తీగతో కలుపవలెను. పాతదానిని పాఱవేసి వూడూ ఒక్కదానినే పెట్టినవానికి తెర చీకటియే.

1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును వెలువరించి, ఇది ప్రపంచములో మొట్టమొదటి జీపీయూ యని ప్రకటించుకొనినది. వస్తువుల ఆకారములను త్రిప్పుట, వెలుతురు పడు తీరును గణించుట అనునవి అంతవఱకు ప్రాసెసరు చేసెడిది. ఆ పనియు ఈ కార్డు పంచుకొనినది. అయినను, కొన్ననాడే అందఱికిని లాభము కనబడలేదు. ఆ శక్తిని వాడుకొను ఆటలు అప్పటికి స్వల్పము. రాబోవు ఆటల కొఱకు నేడే సొమ్ము చెల్లించుటలోని చిక్కు ఇదియే: ఆ యాటలు వచ్చుసరికి అంతకంటె మంచి కార్డు అంతకంటె తక్కువ ధరకు రావచ్చును. వూడూతో రాజ్యమేలిన త్రీడీఎఫ్ఎక్స్ సంస్థయు నిలువలేదు. 2000 డిసెంబరులో తన ఆస్తులను ఎన్విడియాకు అమ్ముటకు ఒప్పుకొని, 2002లో దివాలా తీసినది. ఆ సంస్థతోపాటు దాని కార్డులకు క్రొత్త డ్రైవర్లు అందించు ఆధారము కూడ పోయినది. యంత్రము చెడకున్నను, దానిని పోషించువారు లేనిచో అది పాతబడును.

ఇక పేర్ల సంగతి. రేడియో శ్రోతలకు ఇది క్రొత్త కాదు. 1960వ దశాబ్దిలో ట్రాన్సిస్టరు రేడియోల పెట్టెలపై ట్రాన్సిస్టర్ల సంఖ్యను పెద్ద అంకెలతో ముద్రించెడివారు. ఆ అంకె చూచి కొనువారు మెండు. కొన్ని పెట్టెలలో ఏ పనియు చేయని ట్రాన్సిస్టర్లను కూడ అతికించి లెక్క పెంచెడివారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గ్రాఫిక్స్ కార్డులలోను ఇదే తంతు జరిగినది. 2002లో వచ్చిన జీఫోర్స్ 4 ఎంఎక్స్ అను కార్డు పేరున నాలుగవ తరమునకు చెందినది. కాని 2001 నాటి జీఫోర్స్ 3లో నున్న ప్రోగ్రాము చేయదగిన షేడర్లు దానిలో లేవు. 2016లో జీటీఎక్స్ 1060 అను ఒకే పేరుతో రెండు కార్డులు వచ్చినవి: 6 గిగాబైట్ల దానిలో గణన భాగములు 1280, 3 గిగాబైట్ల దానిలో 1152. మెమొరీ ఒక్కటే తేడా యని తలంచి కొన్నవారు అసలు చిప్పునందును తక్కువ పొందిరి. 2022 సెప్టెంబరులో ఎన్విడియా వారు ఆర్టీఎక్స్ 4080 అను పేరుతో రెండు కార్డులను ప్రకటింపగా విమర్శలు చెలరేగినవి. అక్టోబరులో అందొకదానిని ఉపసంహరించుకొని, 2023 జనవరిలో 4070 టీఐ అను పేరుతో అమ్మిరి. కావున పెట్టెపై నున్న పేరును చివరి అక్షరము వఱకు చదువవలెను.

పేరు సరియైనదే యనుకొందము. అది మన యంత్రమున ఇముడునా? 1997లో కార్డుల కొఱకు ఏజీపీ అను ప్రత్యేకమైన అమరిక వచ్చినది. 2004 నుండి పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను అమరిక దానిని తొలగించినది. పాత బోర్డు గలవారు క్రొత్త కార్డు కొఱకు బోర్డును, దాని కొఱకు ప్రాసెసరును, మెమొరీని మార్చవలసి వచ్చిరి. నేటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు పాత తరపు అమరికలలోను పనిచేయును. కాని అన్నియు సమానముగా కాదు. 2022లో ఏఎండీ వారు వెలువరించిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డునకు బోర్డుతో మాటలాడుటకు నాలుగు దారులే కలవు. పాత బోర్డులపై ఆ దారులు ఇఱుకై, క్రొత్త బోర్డులపై కంటె అది మందగించినది. తక్కువ సొమ్ముతో పాత యంత్రమును బాగుచేసికొనగోరు వారికే ఆ కార్డు తగినదిగా తోచుట ఇందలి విచారకరమైన విషయము.

అంతకంటె పెద్ద ప్రశ్న విద్యుత్తు. కార్డు దిగు గాడి నుండి లభించునది 75 వాట్లు మాత్రమే. ఆఱు సూదుల తీగ మఱి 75, ఎనిమిది సూదుల తీగ 150 వాట్లు ఈయగలవు. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ కార్డు మూల నమూనా గాడి నుండి వచ్చు 75 వాట్లతోనే బ్రదుకును. 2022 నాటి ఆర్టీఎక్స్ 4090 కార్డునకు 450 వాట్లు కావలెను. కార్డు కొన్న పిమ్మట పవర్ సప్లై చాలదని తెలిసినచో కంప్యూటరు ఆట నడుమ ఆరిపోవును. ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుదీయునా యందురు గాని, అంకుశము ధరను ముందే లెక్కలో చేర్చుకొనుట వివేకము.

ధర పెరుగుటకు కారణము పిల్లల ఆటలొక్కటే కాదు. 2006లో ప్రకటింపబడిన క్యూడా అను పద్ధతి ద్వారా ఈ కార్డులచే ఇతరములైన లెక్కలు చేయించుట సులభమైనది. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు చిత్రములను గుర్తుపట్టు అలెక్స్‌నెట్ అను కృత్రిమ మేధను రెండు జీటీఎక్స్ 580 కార్డులపై ఐదాఱు దినములలో శిక్షితము గావించిరి. అవి ఆటల కొఱకు అమ్మబడిన కార్డులే. మఱొకవైపు ఎథీరియం మొదలగు క్రిప్టో నాణెములను గణించువారు 2017లోను, తిరిగి 2020 నుండి 2022 వఱకును కార్డులను మూటలుగా కొనిరి. చిప్పుల కొఱతయు, మహమ్మారి కాలపు గిరాకియు తోడై, పెట్టెపై ధర ఒకటి, అంగడి ధర వేఱొకటి యైనది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం ఆ గణన పద్ధతిని విడిచిన పిమ్మట, రాత్రింబవళ్ళు పనిచేసి యలసిన కార్డులు పెక్కు పాతసామాను విపణికి చేరినవి. ఈ చరిత్ర తెలిసినవారు రెండు సంగతులు గ్రహింతురు. ధర మండిపోవుచున్నప్పుడు తొందరపడక ఆగుట ఒక మార్గము. పాత కార్డు కొనునప్పుడు బిల్లు, మిగిలిన వారంటీ చూచి, అరగంట యాట నడపించి, వేడిని, పంకా చప్పుడును పరీక్షించి గాని సొమ్ము చెల్లింపరాదు.

ఇక మన యింటి ప్రశ్నకు వత్తము. జోడెడ్ల బండికి ఒక యెద్దు ముసలిదైనచో, రెండవ దానికి బదులు కోడెను కట్టినను బండి వేగము ముసలి యెద్దుదే. ప్రాసెసరు, కార్డు అట్టి జోడు. ఏది వెనుకబడుచున్నదో ఇంటనే కనుగొనవచ్చును. బిడ్డ ఆడుచున్న యాటలోనే తెర చుక్కల సంఖ్యను తగ్గించి చూడవలెను. సెకనుకు వచ్చు చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో భారము కార్డుపై నున్నదని యర్థము. కార్డు మార్చిన ఫలితముండును. సంఖ్య పెరుగనిచో ఆటంకము సాధారణముగా ప్రాసెసరు వద్దనో, కంప్యూటరు మెమొరీ వద్దనో యున్నది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు కొన్నను సొమ్ము వృథా. కొన్ని యిండ్లలో మెమొరీ పలక నొకదానిని చేర్చుటతోనే పని తీఱును.

పిమ్మట తెర. సెకనుకు 60 మారులు మాత్రమే మాఱు తెరపై, 150 చిత్రములు గీయు కార్డు పెట్టినను కన్ను చూచునది 60 చిత్రములనే. 1920 × 1080 తెరకు నడితరగతి కార్డు చాలును. 3840 × 2160 తెరకు చుక్కలు నాలుగు రెట్లు. కార్డు శక్తియు అట్లే పెరుగవలెను. ఆపై కార్డు సొంత మెమొరీ. 2023 నుండి కొన్ని పెద్ద ఆటలలో, బొమ్మల నాణ్యతను పై మెట్టుపై ఉంచినచో, 8 గిగాబైట్లు చాలకుండుట కనబడినది. మెట్టు ఒకటి దించుకొనుటకు ఒప్పుకొన్నచో అదే కార్డు మఱి రెండేండ్లు నడచును. చివరకు పెట్టె లోపలి పొడవును కొలబద్దతో కొలువవలెను. పెద్ద కార్డులు చిన్న పెట్టెలలో పట్టక తిరిగి యంగడికి పోవుట కలదు.

ఈ విచారణ యంతయు ఎవరు చేయవలెను? బిడ్డయే చేయవలెనని నా మనవి. తండ్రి చేయవలసినది ఒక సొమ్ము పరిమితిని నిర్ణయించుట. అటుపిమ్మట ‘మన యంత్రములో ఏది వెనుకబడుచున్నది? పవర్ సప్లై ఎన్ని వాట్లు? నీ యాటకు ఎంత కావలెను? ఆ ధరలో నున్న మూడు కార్డులలో ఇదే యేల?’ అని అడిగి, ఒక కాగితముపై వ్రాసి తెమ్మనుట. తెలియక చెప్పిన ‘వద్దు’ పిల్లవాని మనస్సులో అన్యాయముగా నాటుకొనును. విసిగి చెప్పిన ‘సరే’ అడిగినదెల్ల దొరకునను భ్రమను కలిగించును. లెక్క చూచి చెప్పిన మాట ఏదైనను పిల్లవాడు గౌరవించును. ఆ లెక్కలో కార్డు అక్కఱలేదని తేలినచో, ఆ మాట అతడే తన నోట చెప్పును.

1981లో ఐబీఎం వారి రెండు కార్డుల ముందు నిలిచిన గృహస్థునకును, నేడు వరుసలుగా పేర్చిన పెట్టెల ముందు నిలిచిన గృహస్థునకును ప్రశ్న ఒక్కటే: ఇది దేనికి, మన యింట నున్నదానితో పొసగునా? అంగడికి పోవుటకు ముందు ఆ ప్రశ్నకు ఇంట తండ్రియు బిడ్డయు కలిసి సమాధానము చెప్పుకొనగలిగినచో, కొనుట గాని మానుట గాని పశ్చాత్తాపమునకు తావీయదు.